పాత మేడ బయటి గోడ పెచ్చులూడుతోంది, కిటికీల దగ్గర నీళ్లు దిగుతున్నాయి – ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి?

తూర్పువీధి (కాకినాడ)

అందరికీ నమస్కారం. జగన్నాథపురంలో మా తాతగారు 1962లో కట్టించిన మేడ మాది. ఇటుక గోడలు, కట్టుబడి అంతా సున్నంతోనే, బయటి గార కూడా సున్నమే. వీధి వైపు గోడకి మాత్రం చాలా ఏళ్ల కిందట నాన్నగారు పాత గార కొట్టించేసి సిమెంట్ ప్లాస్టరింగ్ చేయించారు. ఇప్పుడు ఆ వీధి గోడే పెచ్చులు పెచ్చులుగా ఊడిపోతోంది. తూర్పు వైపున్న పాత సున్నం గోడ నాచు పట్టి నల్లగా ఉంది కానీ, ఎక్కడా ఊడలేదు.

దీనికి తోడు మేడ మీద వీధి గదిలో రెండు కిటికీలు ఉన్నాయి, టేకు చట్రాలు, ఇనప చువ్వలు. మామూలు వానకి ఏమీ కాదు. గాలితో కలిసి జల్లు కొట్టిందంటే మాత్రం లోపల కిటికీ కింది మూలల్లో చెమ్మ దిగి, పుట్టీ ఉబ్బి రాలిపోతుంది. చట్రానికీ గోడకీ మధ్య చిటికెన వేలు గోరు దూరేంత సందు కనిపిస్తోంది.

ఇద్దరిని పిలిచి చూపించాం. ఒకాయన, గోడ మొత్తానికి వాటర్‌ప్రూఫ్ కోటింగ్ రెండు చేతులు కొట్టి కిటికీల చుట్టూ సిలికాన్ పెట్టేస్తే పదేళ్లు చూసుకోనక్కర్లేదన్నారు. రెండో ఆయన, అంతా చెక్కేసి 1:4 సిమెంట్‌తో (ఒక వంతు సిమెంట్, నాలుగు వంతుల ఇసుక) మళ్లీ చేయాలన్నారు. రెండూ డబ్బుతో కూడిన పనులే, ఎవరి మాట వినాలో తెలియడం లేదు. అమ్మ ఆ గదిలోనే పడుకుంటుంది, వాన మబ్బు పడితే చాలు ఆవిడకి టెన్షన్. సంక్రాంతి వెళ్లాక పని మొదలుపెట్టాలని ఉంది. పాత ఇళ్ల పని తెలిసినవాళ్లు చెప్పండి.

ఇసుక_ఇటుక (రాజమండ్రి)

ఇద్దరి మాటా ఇప్పుడే వినకండమ్మా. ముందు నీళ్లు ఎక్కడ దూరుతున్నాయో తేలాలి. లోపల చెమ్మ కనిపించిన చోటే బయట నుంచి నీళ్లు వస్తున్నాయనుకుంటే పొరపాటు, గోడలోకి దూరిన నీరు ఇటుకల మధ్య ఎటు వాటం దొరికితే అటు పోయి ఎక్కడో బయటపడుతుంది. నేను ముప్ఫై ఏళ్ల పైన సైట్ పనుల్లో ఉండి రిటైరయ్యాను, కిటికీ దగ్గర లీకు అని పిలిచిన చోట సగానికి సగం తప్పు సన్‌షేడ్‌లో దొరికేది.

ఒక చెక్క తీసుకుని వీధి గోడంతా తట్టి చూడండి. బాగా అతుక్కున్న చోట టక్ టక్‌మని గట్టిగా వినిపిస్తుంది, వదిలేసిన చోట డొల్ల శబ్దం వస్తుంది. డొల్ల వినిపించిన చోటల్లా సుద్దముక్కతో చుట్టూ గీత గీసి ఫోటో తీయండి. ఊడిన పెచ్చు ఒకటి తిరగేసి దాని వెనక వైపు ఏముందో కూడా చెప్పండి, తెల్లటి పొడి ఉందా, తడిగా ఉందా, ఎర్రటి ఇటుక పొర కూడా అంటుకుని వచ్చిందా అని.

తర్వాత పైపు పరీక్ష. వానలేని రోజు పొద్దున్నే తోట పైపు తీసుకుని కింద నుంచి పైకి వెళ్లాలి. ముందు కిటికీ గట్టు కింద గోడని ఓ పది నిమిషాలు తడపండి. లోపల ఒక మనిషి టార్చి పట్టుకుని చూస్తూ ఉండాలి. ఏమీ రాకపోతే గట్టు మీద, తర్వాత చట్రం పక్కలు, తర్వాత పై అంచు, ఆఖర్న సన్‌షేడ్ పైభాగం. పైనుంచి మొదలుపెడితే నీళ్లు కిందికి కారి అన్నీ ఒకేసారి తడిసిపోతాయి, ఎక్కడిదో తెలియదు.

గట్టిపని (విజయవాడ)

పెద్దాయన చెప్పిన పరీక్ష మంచిదే. కానీ ఆ పాత సిమెంట్ ప్లాస్టర్ ఎలాగూ పోయినట్టే, దాన్ని ఉంచడంలో లాభం లేదు. మొత్తం చెక్కేసి, ఇటుకల సందులు గీకి, నీళ్లతో బాగా తడిపి, వాటర్‌ప్రూఫింగ్ లిక్విడ్ బస్తాకి 200 ఎం.ఎల్. కలిపి 1:4లో రెండు కోట్లు వేయించండి. వారం రోజులు తడపండి. నేను ఇలా చేయించిన ఇళ్లు బెజవాడలో ఇప్పటికీ బాగున్నాయి. సున్నం పని అంటే చెప్పుకోవడానికి బాగుంటుంది, చేసే మనిషి ఎక్కడ దొరుకుతాడు?

ఓరుగల్లు_కోట (హన్మకొండ)

అన్నా, మీరు చేయించినవి సిమెంట్‌తో కట్టిన ఇళ్లు అయ్యుంటాయి. అక్కవాళ్లది సున్నంతో కట్టిన గోడ. తేడా అక్కడే ఉంది.

మా తాతల ఇల్లు డంగు సున్నంతో, అంటే గానుగలో నూరిన సున్నంతో కట్టింది, గోడలు రెండడుగుల మందం. నేల నుంచి ఎక్కే చెమ్మ, వానకి తాగిన నీరు, ఇదంతా సున్నం గారలోంచి మెల్లమెల్లగా ఆవిరై బయటికి పోతుంటది. దాని మీద 1:4 సిమెంట్ వేసినమంటే ఆ దారి మూసినట్టే. సిమెంట్ పొరకి సన్నటి పగుళ్లు ఎట్లాగూ వస్తయ్, వాటిలోంచి వాన నీళ్లు లోపలికి పోతయ్, పోయినవి బయటికి రాలేవు. గోడలో ఉప్పు ఉంటే అది ఇటుక మొహం మీద, సిమెంట్ వెనకాల పేరుకుని గడ్డకట్టి ప్లాస్టర్‌ని బయటికి తోస్తది. పైగా ఆ పాత ఇటుక మెత్తటిది, సిమెంట్ గట్టిది. ఎండకి వానకి రెండూ ఒక్కతీరుగా కదలవు, ఊడేటప్పుడు ఇటుక పొరని కూడా పట్టుకుని ఊడుతది. అక్కా, తూర్పు గోడ ఎందుకు నిలబడ్డదో మీరే రాసిన్రు, అది సున్నం కాబట్టి.

హైదరాబాద్ కుతుబ్ షాహీ సమాధుల దగ్గర ఆగాఖాన్ ట్రస్ట్ వాళ్లు 2013లో మొదలుపెట్టిన పనిలో కూడా ఇదే చేసిన్రు, 20వ శతాబ్దంలో మరమ్మతు పేరుతో వేసిన సిమెంట్‌ని తీసేసి మళ్లీ సున్నం గార పెట్టిన్రు. పోయి చూసి రావొచ్చు.

బీచ్‌రోడ్ (విశాఖపట్నం)

మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి, మాదీ కిటికీ సమస్యే. 1985లో కట్టిన ఇల్లు, సిమెంట్ కట్టుబడి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు చెక్క కిటికీలు పోయాయి, యూపీవీసీ (గట్టి ప్లాస్టిక్) స్లైడింగ్ కిటికీలు పెట్టించాం. సముద్రం వైపు గాలి కొట్టినప్పుడల్లా కింది ట్రాక్ నిండి నీళ్లు లోపలికి పొర్లుతున్నాయి. బిగించిన షాపు అతన్ని పిలిస్తే చుట్టూ ఇంకో వరస సిలికాన్ పెట్టి వెళ్లాడు, బయట ట్రాక్ కింద ఉన్న చిన్న చీలికల్లాంటి రంధ్రాలు కూడా మూసేశాడు. అప్పటి నుంచి ఇంకా ఎక్కువైంది.

ఇసుక_ఇటుక

ఆ చీలికలు నీళ్లు బయటికి పోయే దారులండి. స్లైడింగ్ కిటికీ ట్రాక్‌లోకి నీరు రావడం మామూలే, వచ్చింది ఆ రంధ్రాల్లోంచి బయటికి పోవాలి. వాటిని మూసేస్తే ట్రాక్ తొట్టిలా నిండి ఇంట్లోకి పొర్లక ఏం చేస్తుంది? ఈ రోజే బ్లేడుతో ఆ సిలికాన్ తీసేసి, లోపల పేరుకున్న ఇసుకా దుమ్మూ బ్రష్‌తో లాగేయండి. ఒక గ్లాసు నీళ్లు ట్రాక్‌లో పోస్తే బయట కారడం కనిపించాలి.

ఇంకోటి చూడండి, చట్రానికీ గోడకీ మధ్య పసుపు నురగ కనిపిస్తోందా? ఆ పీయూ ఫోమ్ సందు నింపడానికి మాత్రమే పనికొస్తుంది, వానని ఆపదు. ఎండ తగిలితే నల్లబడి పొడి అయిపోతుంది. దాన్ని కొంచెం లోపలికి కోసి, పైన సీలెంట్ పెట్టాలి.

బీచ్‌రోడ్

రంధ్రాలు తెరిచానండి, నీళ్లు బయటికి పోతున్నాయి. నురగ కూడా మీరు చెప్పినట్టే ముదురు రంగుకి వచ్చి గీకితే రాలుతోంది. చాలా థాంక్స్. ఇక తూర్పువీధి గారి సంగతి చూడండి.

తాపీపని (ద్రాక్షారామం)

అమ్మాయ్, మా నాన్న గానుగ సున్నం పని చేసేవాడు, నేను ఆయన చేతి కింద నేర్చుకుని తర్వాత సిమెంట్‌లోకి వచ్చేశాను. ఇప్పటికీ పాత సావిళ్లకీ, గుళ్ల ప్రహరీలకీ ఎవరైనా పిలిస్తే సున్నం పనికి వెళ్తాను. మనిషి దొరకడన్న మాట నిజం కాదు, వెతకాలి. పాత గుడి పని జరుగుతున్న చోటికి వెళ్లి అడిగితే అక్కడి మేస్త్రులే చెబుతారు.

ఇప్పుడు గానుగలు లేవు, ఎద్దులూ లేవు, మోర్టార్ మిక్సర్‌లో కలుపుకుంటున్నాం. సున్నం మాత్రం మంచిది కావాలి. పిడుగురాళ్ల నుంచి రాతి సున్నం గడ్డలు వస్తాయి, మన ఒడ్డున గవ్వలూ నత్తగుల్లలూ కాల్చి చేసే గుల్ల సున్నం ఉంటుంది. గడ్డల్ని నీళ్లలో వేయాలి గానీ గడ్డల మీద నీళ్లు పోయకూడదు, ఎగిరి మొహం మీద పడుతుంది. కుతకుత ఉడికి చల్లారాక జల్లెడ పట్టి, పైన బెత్తెడు నీళ్లు నిలిచేలా తొట్టిలో మూతపెట్టి ఉంచాలి. ఎంత తక్కువన్నా నెలరోజులు ఊరాలి, ఎంత ఊరితే అంత వెన్నలా అవుతుంది. జల్లెడ పట్టకపోతే ఉడకని నలుసులు గారలో ఉండిపోయి, గోడ మీద తర్వాతెప్పుడో ఉబ్బి చిన్న చిన్న గుంటలుగా పేలిపోతాయి. సంక్రాంతి తర్వాత పని అంటున్నావు కాబట్టి సున్నం ఇప్పుడే ఊరబెట్టుకో.

కళ్లద్దాలు, చేతికి తొడుగులు లేకుండా ఎవర్నీ సున్నం దగ్గరికి రానీయకు. కంట్లో పడితే వెంటనే నీళ్లతో చాలాసేపు కడిగి, ఆగకుండా డాక్టర్ దగ్గరికి వెళ్లాలి.

లెస్టర్_తెలుగు (ఇంగ్లండ్)

ఇక్కడ మాది 19వ శతాబ్దం చివర్లో కట్టిన వరస ఇళ్లలో ఒకటి, సున్నంతో కట్టిన మందపాటి ఇటుక గోడ. మేం కొనకముందు ఎవరో వెనక గోడంతా బయట సిమెంట్ ప్లాస్టరింగ్ చేయించారు, లోపల వాల్‌పేపర్ ఎప్పుడూ తడి తడిగానే ఉండేది. సిమెంట్ తీయించి హైడ్రాలిక్ సున్నంతో (తడిలో కూడా గట్టిపడే సున్నం) వేయించాక గోడ ఆరింది, దానికి ఏడాది పైనే పట్టింది, ఓపిక కావాలి. పాత కట్టడాల కోసం విలియం మోరిస్ వాళ్లు 1877లో పెట్టిన సంఘం ఇక్కడ ఇప్పటికీ ఉంది, వాళ్లు చెప్పే సలహా కూడా ఇదే, మెత్తటి గోడకి మెత్తటి గార.

చెక్క కిటికీ చట్రాలకీ గోడకీ మధ్య ఇక్కడ పాతకాలంలో ఎండబెట్టిన సన్న ఇసుకా అవిసె నూనే కలిపిన ముద్ద పెట్టేవారు. పైన గట్టిపడినా లోపల మెత్తగానే ఉండి చెక్కతో పాటు కదులుతుంది. మా ముందు కిటికీలకి అదే పెట్టించాం. మాకు చలికాలం మంచుతో భయం, సున్నం ఆరకముందే గడ్డకట్టి పొడి అవుతుంది. మీకు ఎండతో భయం, అంతే తేడా.

తూర్పువీధి

అందరికీ ఎలా థాంక్స్ చెప్పాలో తెలియడం లేదు. నిన్న ఆదివారం తమ్ముడూ నేనూ పరీక్షలన్నీ చేశాం.

తట్టి చూస్తే వీధి గోడ మూడొంతుల్లో రెండొంతులు డొల్లే. రెండు కిటికీల మధ్య భాగం చేతితో నొక్కితేనే కదులుతోంది. ఒక పెచ్చు తిరగేసి చూస్తే వెనకాల అరంగుళం మందం సిమెంట్, దానికి ఎర్రటి ఇటుక పొర బిళ్లలా అంటుకుని వచ్చింది, మధ్యలో తెల్లటి ఉప్పు దూదిలా పేరుకుని ఉంది. వాన పడి ఎన్నాళ్లో అయినా వెనక వైపు ఇంకా తడిగానే ఉంది. ఓరుగల్లు తమ్ముడు రాసింది రాసినట్టు కళ్లముందు కనిపించింది.

పైపు పరీక్ష. గట్టు కింద గోడ తడిపితే లోపల ఏమీ రాలేదు. గట్టు మీద పెడితే కొద్దిగా చెమ్మ కనిపించింది. చట్రం పక్కల సందులో నేరుగా పైపు పెట్టినా నీళ్లు రాలేదు, నేను ఆశ్చర్యపోయాను. సన్‌షేడ్ మీద పెట్టిన కాసేపటికి లోపల ఎడమ కింది మూల నుంచి ధార కట్టింది! నిచ్చెన ఎక్కి చూస్తే సన్‌షేడ్ గోడని కలిసే చోట పొడుగునా పగులు ఉంది, పైగా సన్‌షేడ్ గోడ వైపుకే వాలి ఉంది, నీళ్లు అక్కడే నిలుస్తున్నాయి. కింద వైపు తుప్పు చారలు, ఒక చోట చువ్వ బయటపడి ఉంది.

అంటే చట్రం చుట్టూ సిలికాన్ పెట్టినా నీళ్లు దిగేవే కదా?

ఇసుక_ఇటుక

దిగేవే. ఇంకా చెడ్డ సంగతి, పైనుంచి దిగిన నీటికి చట్రం దగ్గర బయటికి వచ్చే దారి కూడా మూసేసినట్టయ్యేది, అంతా లోపలి గోడకే తిరిగేది. గోడంతా వాటర్‌ప్రూఫ్ కోటింగ్ కొట్టినా అంతే, వెనకాల తడి ఉన్న గోడ మీద రబ్బరు పొర కప్పితే అది బుడగలు లేచి తోలులా ఊడుతుంది.

ముందు సన్‌షేడ్. అది ఆర్‌సీసీ, అంటే లోపల ఇనప చువ్వలున్న కాంక్రీట్, అక్కడ సిమెంట్ పనే చేయాలి, సున్నం కాదు. పైన ఉన్న పాత ప్లాస్టర్ అంతా తీసేసి, కింద ఉబ్బిన కాంక్రీట్‌ని గట్టి భాగం తగిలేదాకా చెక్కాలి. తుప్పు పట్టిన చువ్వ వెనక వైపు కూడా వేలు దూరేలా తెరవాలి, లేకపోతే వెనకాల తుప్పు అలాగే ఉండిపోయి మళ్లీ పగలగొడుతుంది. వైర్ బ్రష్‌తో లోహం మెరిసేదాకా రుద్ది, జింక్ ప్రైమర్ కొట్టి, పాతదానికి కొత్తది అతుక్కునేలా బాండింగ్ కోటు వేసి, పాలిమర్ కలిపిన మోర్టార్‌తో పొరలు పొరలుగా నింపాలి. చువ్వ మందం బాగా తగ్గిపోయి ఉంటే అతుకులతో సరిపెట్టవద్దు, స్ట్రక్చరల్ ఇంజనీర్‌కి చూపించండి, సన్‌షేడ్ విరిగి వీధిలో ఎవరి మీదైనా పడితే ఘోరం.

పైన బయటి వైపుకి వాటం ఇవ్వాలి. గోడ కలిసే మూలలో గుండ్రంగా గోళా కట్టాలి, మూల నిటారుగా ఉంటే మళ్లీ అక్కడే పగులుతుంది. కింద అంచుకి అంగుళం లోపలగా పొడుగునా గాడి తీయించండి. ఆ గాడి లేకపోతే నీరు సన్‌షేడ్ అడుగున పాకుతూ గోడ దాకా వచ్చేస్తుంది. చాలామంది మేస్త్రులు ఈ గాడిని వదిలేస్తారు, దగ్గరుండి తీయించుకోండి.

గట్టిపని

సన్‌షేడ్ విషయంలో పెద్దాయన చెప్పింది ఒక్క అక్షరం కూడా మార్చక్కర్లేదు. ఉప్పుతో పాటు ఇటుక పొర వచ్చిందంటే 1:4 ఆ గోడకి ఎక్కువ గట్టిదే, అది ఒప్పుకుంటున్నాను. కానీ నా ప్రశ్న అలాగే ఉంది. ఊళ్లో అందరికీ సున్నం మేస్త్రి దొరకడు, నెల ముందు సున్నం ఊరబెట్టే ఓపికా ఉండదు. 1:1:6 వేస్తే కుదరదా? ఒక వంతు సిమెంట్, ఒక వంతు సున్నం, ఆరు వంతుల ఇసుక. ప్లాస్టరింగ్ పనికి మన దేశ ప్రమాణం ఐఎస్ 1661లోనే సిమెంట్ సున్నం కలిపిన ప్లాస్టర్ ఉంది కదా.

ఇసుక_ఇటుక

ఉంది. 1970లు, 80ల్లో సిమెంట్‌తో కట్టిన ఇటుక గోడలకి 1:1:6 చాలా మంచిది, ఉత్త 1:4 కన్నా పగుళ్లు తక్కువ, బీచ్‌రోడ్ గారి ఇంటిలాంటి వాటికి నేను అదే చెబుతాను. అలాంటి ఇళ్లలో స్తంభమూ ఇటుకా కలిసే చోట చికెన్ మెష్ (సన్నటి ఇనప తీగల వల) కొట్టి వేస్తే ఇంకా మంచిది. సున్నంతో కట్టిన గోడకి మాత్రం తప్పనిసరైతే 1:2:9 దాకా వెళ్లొచ్చు, అది కూడా నాకు ఇష్టం లేని పనే.

తాపీపని

నాకూ ఇష్టం లేదు. పక్కనే అరవై ఏళ్ల సున్నం గార చెక్కు చెదరకుండా ఉంటే, దాని పక్క గోడకి ఇంకోటి ఎందుకు? గట్టిపని గారూ, మీ మేస్త్రుల్లో ఎవరికైనా నేర్చుకోవాలని ఉంటే పంపండి, కాకినాడ పనికి నేను వెళ్తే పక్కన నిలబెట్టుకుని చూపిస్తాను.

గోడ పని ఇలా చేయాలి అమ్మాయ్. డొల్లగా ఉన్న సిమెంట్ అంతా ఉలితో మెల్లగా తీయించు, బ్రేకర్ మెషిన్ పెట్టనివ్వకు, మెత్తటి ఇటుక పగిలిపోతుంది. గట్టిగా అతుక్కుని ఉన్న చోట లాగితే ఇటుకే ఊడేలా ఉంటే ఆ ముక్కని ప్రస్తుతానికి వదిలేయొచ్చు. తీశాక గోడని కొన్ని వారాలు అలాగే ఆరనివ్వు, బోసిగా ఉందని కంగారు పడొద్దు. ఉప్పు బయటికి తేలుతుంది. దాన్ని పొడి చీపురుతో ఊడ్చి ఎత్తి పారేయాలి, నీళ్లతో కడిగితే కరిగి మళ్లీ గోడలోకే పోతుంది. మళ్లీ తేలితే మళ్లీ ఊడ్చు.

తర్వాత ఇటుకల సందులు అరంగుళం లోతు గీకి, దుమ్ము దులిపి, గోడని తడపాలి, నీళ్లు కారేటట్టు కాదు, చల్లగా తగిలేటట్టు. సున్నం ఒక పాలు, ఇసుక మూడు పాళ్లు, సముద్రం ఒడ్డు కాబట్టి ఇసుకలో ఒక వంతు తీసేసి బాగా కాల్చిన ఇటుక పొడి కలుపుతాను, దానివల్ల చెమ్మలో కూడా గట్టిపడుతుంది. కరక్కాయ, బెల్లం నానబెట్టిన నీళ్లు కలుపుతాం, బెల్లం ఎక్కువ పోస్తే గార ఆరదు. ఇసుక గోదావరిదే తెప్పించు, ఒడ్డు ఇసుక ఎవరు ఊరికే ఇస్తానన్నా వద్దు. గాజు సీసాలో ఇసుకా నీళ్లూ పోసి కుదిపి కొన్ని గంటలు కదపకుండా ఉంచితే మట్టి పైన తేరుతుంది, ఇసుక ఎత్తులో పన్నెండో వంతు దాటితే వెనక్కి పంపించెయ్.

ఒక్కో పొర 10 ఎం.ఎం. దాటకూడదు. మొదటి పొర మీద అడ్డదిడ్డంగా గీతలు గీసి వారం పైన వదలాలి, గోరు గుచ్చితే దిగకూడదు, అప్పుడు రెండోది. మూడోది సన్నటిది. గోడ మీద తడిపిన గోనె పట్టాలు వేలాడదీసి రోజుకి మూడు నాలుగుసార్లు నీళ్లు చిలకరించాలి, నేరుగా ఎండ తగిలితే పైన ఆరి లోపల గట్టిపడక పొడిపొడిగా ఉండిపోతుంది. మాఘంలో మొదలుపెడితే ఎండలు ముదిరేలోపు అయిపోతుంది.

ఓరుగల్లు_కోట

అతుకు వేసే చోట అంచుల సంగతి కూడా చెప్పండి బాబాయ్. సిమెంట్ కొంత ఉంచి పక్కన సున్నం వేస్తే ఆ కలిసే గీత దగ్గర నీళ్లు దూరవా?

తాపీపని

దూరుతాయి, అందుకే పాత అంచుని పలచగా సాగదీసి కలపకూడదు. డొల్ల అయిపోయిన చోటు కన్నా బెత్తెడు అవతలి దాకా తీసి, అంచుని నిటారుగా కోసి, లోపలి వైపుకి కొంచెం ఏటవాలుగా చెక్కాలి, కొత్త గార దాని కిందికి దూరి పట్టుకుంటుంది. వీలైతే ఆ అతుకు కిటికీ మూల దగ్గర రాకుండా చూసుకోవాలి.

తూర్పువీధి

ఇంజనీర్ గారు కూడా వచ్చి చూశారు. చువ్వలు రెండు చోట్లే పలచబడ్డాయి, మరమ్మతుతో సరిపోతుందన్నారు. హమ్మయ్య అనిపించింది. రోడ్డు పెంచుకుంటూ పోవడంతో మా అరుగు ఇప్పుడు రోడ్డుకి జానెడు కిందికి వచ్చేసింది, గోడ కిందంతా అక్కడి నీళ్లే పీలుస్తోందని, ముందు వాన నీళ్లు అరుగు వైపు రాకుండా కాలువ తీయించమన్నారు.

ఇక కిటికీ చట్రం సందు మిగిలింది. గట్టు మీద కూడా కొద్దిగా చెమ్మ వచ్చింది కదా. సీలెంట్ అసలు వాడొద్దా? వాడితే ఏది?

లెస్టర్_తెలుగు

వాడొచ్చు, కానీ వెనిగర్ వాసన వచ్చే చవక సిలికాన్ వద్దు. అది ఆరేటప్పుడు వదిలే ఆమ్లం సున్నానికీ ఇనుముకీ పడదు, దాని మీద రంగు కూడా నిలవదు. పీయూ సీలెంట్ గానీ ఎంఎస్ పాలిమర్ గానీ తీసుకోండి, మీద రంగు వేసుకోవచ్చు, చెక్క వానాకాలం ఉబ్బి ఎండాకాలం కుంచించుకున్నా సాగుతాయి. ముందు సందులో ఉన్న పాత సిమెంట్ ముక్కలూ దుమ్మూ పూర్తిగా లాగేయాలి. తర్వాత సందు కన్నా కొంచెం లావుగా ఉండే నురగ తాడు, షాపులో బ్యాకర్ రాడ్ అంటే ఇస్తారు, అది లోపలికి నొక్కాలి. సీలెంట్ చట్రానికీ గోడకీ రెండు వైపులే అంటుకోవాలి, వెనకాల కూడా అంటుకుంటే సాగలేక చిరిగిపోతుంది. సందు వెడల్పులో సగం లోతు ఉంటే చాలు, మరీ సన్న సందైతే ఆరు ఎం.ఎం. దాకా వెడల్పు చేసుకోండి. రెండు పక్కలా కాగితం టేప్ అతికించి, సీలెంట్ పెట్టి, సబ్బు నీళ్లలో ముంచిన చెంచాతో ఒక్క ఊపులో లాగి, మీద పొర కట్టకముందే టేప్ పీకేయాలి.

ఇసుక_ఇటుక

గట్టు గురించి. ఇప్పుడున్నది సమతలంగా ఉన్న సిమెంట్ గట్టు అయ్యుంటుంది. దాన్ని తీసేసి, కడప రాయి పలక ఒకటి బయటికి వాలుగా, గోడ కన్నా రెండంగుళాలు ముందుకి వచ్చేలా పెట్టించండి. కింద అంచుకి గాడి తీయించాలి, రాయి కోసే షాపులోనే తీసి ఇస్తారు. పలక రెండు చివరలూ పక్క గోడల్లోకి అంగుళం దూరాలి, అక్కడే చాలా ఇళ్లలో నీళ్లు పోతాయి. సీలెంట్ పక్కలా, పైనా పెట్టండి. చట్రం కింద కట్టె, పలక కలిసే చోట లోపలి వైపు మాత్రం పెట్టి, బయటి వైపు వదిలేయండి, ఎక్కడైనా నాలుగు చుక్కలు దూరినా వాలు మీద బయటికి పోవాలి.

చట్రాన్ని గోడకి పట్టి ఉంచే ఇనప పట్టీలు ఉంటాయి, వాటి దగ్గర గోడ నిటారుగా పగిలి ఉంటే ఆ పట్టీ తుప్పు పట్టి ఉబ్బిందని అర్థం. ప్లాస్టరింగ్‌కి ముందే తీసి శుభ్రం చేసి ప్రైమర్ కొట్టించండి.

బీచ్‌రోడ్

ఒక మాట, పాత ఎనామిల్ రంగుల్లో సీసం ఉండేది. దేశంలో సీసానికి 90 పీపీఎం (పది లక్షల వంతుల్లో 90) పరిమితి 2017 నవంబర్ నుంచే అమల్లోకి వచ్చింది. టేకు చట్రం మీద పొడిగా ఉప్పుకాగితం రుద్దించకండి, తడిపి రుద్దించి ఆ మడ్డిని గుడ్డతో తుడిపించేయండి. ఇంట్లో చిన్నపిల్లలు ఉంటే ఆ రోజుకి వేరే చోటికి పంపండి.

తూర్పువీధి

అయితే వరస ఇలా అనుకున్నాం. ఈ వారంలో సున్నం ఊరబెట్టడం, అరుగు దగ్గర కాలువ. తర్వాత సరుగుడు బాదులతో పరంజా కట్టించి డొల్ల సిమెంట్ తీయడం, గోడ ఆరేలోపు సన్‌షేడ్‌లూ ఇనప పట్టీలూ గట్టు పలకలూ. ఆ తర్వాత గార, ఆఖర్న సీలెంట్. వాటర్‌ప్రూఫ్ కోటింగ్ ఆయనకి వద్దని చెప్పేశాను. గోడకి రంగు ఏం వేయాలి? తూర్పు గోడ నాచు ఏం చేయాలి? తాపీపని బాబాయ్, మీరు వస్తానంటే అమ్మ మిమ్మల్నే పిలవమంటోంది.

తాపీపని

వస్తానమ్మా, కనుమ వెళ్లాక ఒకసారి గోడ చూసి లెక్క చెబుతాను. నంబర్ ఇక్కడ రాయకు, ప్రైవేట్ మెసేజ్ పెట్టు.

రంగుకి సున్నమే, పలచగా మూడు నాలుగు చేతులు. పసుపు మట్టి రంగు కలిపితే పాతకాలం మేడల రంగు వస్తుంది. ప్లాస్టిక్ ఎమల్షన్ వేయించావంటే మళ్లీ గోడ ముక్కు మూసినట్టే. తూర్పు గోడని మాత్రం చెక్కనివ్వకు. నాచు ఎండిన రోజున కొబ్బరి పీచుతో రుద్ది, దానికీ రెండు చేతులు సున్నం కొడదాం. తొట్టిలో సున్నం మీద నీళ్లు తగ్గకుండా చూస్తూ ఉండండి.